పోనీ కొనాలా, పోనీలే అనుకోవాలా? (తొమ్మిదేళ్ల పాప, హైదరాబాదు)

నార్సింగి_నాన్న
మా పాపకు తొమ్మిదేళ్లు, బరువు 26 కిలోలు. పద్నాలుగు నెలలుగా ఊరికి పడమటి వైపున్న ఒక రైడింగ్ స్కూలుకు శని, ఆదివారాలు తీసుకెళ్తున్నాను. అక్కడ పదకొండు గుర్రాలున్నాయి. వాటిలో పది గుర్రాలు రేసుల నుంచి రిటైరైనవే. పిల్లలకు సరిపోయే పోనీ, అంటే పొట్టి గుర్రం, ఒక్కటే, పేరు బుల్లెట్. దాని కోసం ఇరవై మందికి పైగా పిల్లలు వరుస కడతారు. ఉదయం ఆరింటికి వెళితే మా వంతు ఎనిమిదింపావుకు వస్తుంది, అదీ ఇరవై నిమిషాలు.

పోయిన నెల వరుస ఎక్కువగా ఉందని పాపను పెద్ద ఆడగుర్రం ఎక్కించారు. పక్క తోటలో నెమలి అరిచింది. గుర్రం ఒక్కసారిగా పక్కకు దూకింది, పాప ఇసుకలో పడింది. దెబ్బలు తగలలేదు కానీ హెల్మెట్ మీద పొడవాటి గీత పడింది. అప్పటి నుంచి "బుల్లెట్ అయితే ఎక్కుతాను, లేకపోతే కారులోనే కూర్చుంటాను" అంటోంది.

స్కూలు యజమాని ఒక పోనీ అమ్మకానికి ఉందన్నారు. 2,75,000 రూపాయలు, అక్కడే ఉంచి పోషిస్తే నెలకు 22,000. ఒక దళారి మహారాష్ట్ర నుంచి తెప్పిస్తానని వీడియో పంపాడు. 65,000 అట, బేరం కూడా ఆడుకోవచ్చట. రెండూ పోనీలే, రెండూ గోధుమ రంగువే. ఒకటి మరొకదానికి నాలుగు రెట్ల ధర ఎందుకు పలుకుతోంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉలవచారు
పెద్దలు ఎప్పుడో చెప్పారు: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. 65,000ది కూడా 2,75,000 దానంతే తింటుంది.

కొండాపూర్_అమ్మ
కొనకండి. మా అబ్బాయి ఎనిమిది నెలలు గుర్రం గుర్రం అని ప్రాణం తీశాడు. బూట్లు, హెల్మెట్, చేతి తొడుగులు అన్నీ కొన్నాం. తొమ్మిదో నెలలో క్రికెట్ అకాడమీ అన్నాడు. బూట్లు ఇప్పటికీ చెప్పుల స్టాండులో ఉన్నాయి, సైజు 3, ఎవరికైనా కావాలంటే చెప్పండి. అదే గుర్రమైతే స్టాండులో పెట్టగలమా?

డెర్బీ_రోజులు
మలక్‌పేట రేసు కోర్సులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. స్కూళ్లలో అన్నీ రేసు గుర్రాలే ఎందుకు ఉంటాయో చెబుతాను. వాటిని రెండేళ్ల వయసుకే పరుగులో పెడతారు. ఐదారేళ్లు వచ్చేసరికి చాలావాటికి ఆ పని అయిపోతుంది. గుర్రం పాతికేళ్లు బతుకుతుంది, మిగతా ఇరవై ఏళ్లు ఎవరు మేపుతారు? అందుకని యజమానులు తక్కువ ధరకు వదిలించుకుంటారు, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు. స్కూళ్లు తెచ్చుకుంటాయి. చవకగా దొరికేది అదే కాబట్టి పిల్లలు ఎక్కేదీ అదే. పాపం ఆ గుర్రం తప్పేమీ లేదు. చిన్నప్పటి నుంచి దానికి నేర్పింది ఒక్కటే, గేటు తెరుచుకోగానే ముందుకు దూకడం. నెమలి అరిస్తే అదే గుర్తుకొచ్చి ఉంటుంది.

వాటి ఎత్తు మామూలుగా 15.2 నుంచి 16.2 హ్యాండ్లు, బరువు 450 కిలోల పైమాటే. 26 కిలోల పాప కాళ్లు దాని పొట్ట సగం దాకా కూడా రావు. ఇక్కడ కాలితో నొక్కితే దానికి ఈగ వాలినట్టు ఉంటుంది.

మౌనపాఠకుడు
హ్యాండ్ అంటే ఎంతండీ?

డెర్బీ_రోజులు
నాలుగు అంగుళాలు. మూపు దగ్గర, అంటే మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట నేల నుంచి కొలుస్తారు, తల దాకా కాదు. 14.2 అంటే పద్నాలుగు హ్యాండ్ల రెండు అంగుళాలు. అది దశాంశం కాదు. 14.3 తర్వాత 15 వస్తుంది, 14.4 ఉండదు. పోటీల లెక్కలో 148 సెంటీమీటర్లు, అంటే దాదాపు 14.2, దాటనిదాన్ని పోనీ అంటారు.

ఉలవచారు
ఇన్నాళ్లూ నేను "పోనీ" అంటే "అది కాకపోతే ఇది" అనుకునేవాణ్ణి. "పోనీ స్కూటరు కొను" అన్నప్పుడల్లా మా ఆవిడ స్కూటరే అడుగుతోందనుకున్నాను.

జట్కా_మనవడు
మన భాషలో దానికి మాట లేకపోలేదు. తట్టువ అంటారు, తట్టు గుర్రం అని కూడా. మా తాత గుడివాడలో జట్కా తోలేవారు. జట్కాకు కట్టేవన్నీ తట్టువలే. స్టేషను దగ్గర వరుసగా నిలబడితే ఒక్కటి కూడా మా తాత భుజం దాటేది కాదు. ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి, వాటితో పాటు తట్టువలను పెంచేవాళ్లూ పోయారు. మనదగ్గర పోనీలు దొరకకపోవడానికి మొదటి కారణం ఇదే.

2019 పశుగణన చూడండి. దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. 2012లో 6.25 లక్షలు ఉండేవి. ఏడేళ్లలో సగానికి దగ్గరగా తగ్గిపోయాయి.

ఇక దళారి గుర్రం సంగతి. వీడియోలో రంగు చూడకండి, పళ్లు చూడండి. మా తాత కళ్లెం కూడా తీయకుండా, చిగుళ్ల పక్కన పళ్లు లేని ఖాళీలో బొటనవేలు పెట్టి నోరు తెరిపించేవారు. ముందు పళ్లలో నడిమి జత రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. పదో ఏట పైవరుస చివరి పన్ను మీద, చిగురు దగ్గర, గోధుమ రంగు గాడి మొదలవుతుంది. పదిహేనో ఏటికి సగం పన్ను దాకా దిగుతుంది, ఇరవయ్యో ఏటికి అంచు చేరుతుంది. ఏడాదో రెండేళ్లో తేడా ఉండవచ్చు. కానీ పదిహేనేళ్ల గుర్రాన్ని ఏడేళ్లదని అమ్మబోతే ఆ గాడి పట్టిస్తుంది.

నార్సింగి_నాన్న
దళారి ఏడేళ్లు అన్నాడు! ఇంకో వీడియో అడుగుతాను, పళ్లు చూపించమని.

జట్కా_మనవడు
పంపడు. కరెంటు లేదంటాడు.

పంచకల్యాణి
ఇంత గొడవ ఎందుకు? మార్వాడీ జాతి గుర్రం పిల్లను ఒకదాన్ని తెచ్చుకోండి. ఏడాది పిల్ల చవకగానే వస్తుంది. పాప, గుర్రం కలిసి పెరుగుతాయి. నాలుగు కాళ్లకు తెల్లని పాదాలు, నుదుట తెల్లచుక్క ఉన్నది చూసుకుంటే ఇంటికి మంచిది కూడా.

డెర్బీ_రోజులు
పంచకల్యాణి గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు. నేర్చుకునే పిల్లకు నేర్చిన గుర్రం కావాలి. నేర్చుకుంటున్న గుర్రానికి నేర్చిన మనిషి కావాలి. ఇద్దరికీ రాకపోతే ఆసుపత్రిలో తేలుతుంది. పైగా ఏడాది పిల్ల వీపు మీద ఎవరూ ఎక్కకూడదు. మూడేళ్లు దాటాలి, ఆ తర్వాత నేర్పడానికి ఇంకో రెండేళ్లు. అప్పటికి పాపకు పదమూడేళ్లు దాటుతాయి. మార్వాడీ ఎత్తు కూడా 14 నుంచి 15 హ్యాండ్ల పైన ఉంటుంది, చాలావరకు పోనీ లెక్కలోకి రాదు.

పంచకల్యాణి
మా పెదనాన్న పిల్ల గుర్రంతోనే నేర్చుకున్నారు.

ఉలవచారు
మీ పెదనాన్న ఇప్పుడెలా నడుస్తున్నారండీ?

పంచకల్యాణి
కొంచెం కుంటుతారు. కానీ అది గుర్రం వల్ల కాదు, స్కూటరు వల్ల.

వైజాగ్_కెరటం
పోనీ కెరటాల ఒడ్డున ఎక్కిస్తే? ఆర్కే బీచిలో గుర్రం మీద ఒక చుట్టు తిప్పి ఫోటో కూడా తీస్తారు. నిర్వహణ ఖర్చు సున్నా.

లెస్టర్_లలిత
మీ పాప చెప్పిన "బుల్లెట్ అయితేనే" అన్న మాట మా ఇంట్లోనూ విన్నాను. ఇంగ్లండులో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. మా అమ్మాయి ఏడో ఏట మొదలుపెట్టింది.

నాలుగు రెట్ల తేడా ఎందుకు అని అడిగారు. ఇక్కడ కూడా అంతే. న్యూ ఫారెస్ట్ అడవిలో స్వేచ్ఛగా తిరిగే పోనీల పిల్లలను వేలంలో చాలా తక్కువకు అమ్ముతారు. అదే జాతి పోనీ పన్నెండేళ్ల వయసులో, రోడ్డు మీద లారీకి బెదరకుండా, పిల్ల పడిపోతే పక్కనే ఆగి నిలబడేదైతే వేల పౌండ్లు. గుర్రం అదే. దాని మీద ఎవరో పెట్టిన పదేళ్ల ఓపికకే ఆ ధర.

మేము కొనలేదు, లోనుకు తీసుకున్నాం. బ్యాంకు లోను కాదు! పోనీ ఒక కుటుంబానిది. వాళ్ల అమ్మాయి ఎత్తు పెరిగిపోయింది, అమ్మడానికి మనసు రాలేదు. అందుకని మాకు ఇచ్చారు. రోజువారీ ఖర్చులన్నీ మావి, గుర్రం వాళ్లది. కాగితం రాసుకున్నాం: గిట్టలు చెక్కించడం ఎవరు, వైద్యుడి ఖర్చు ఎవరు, ఇష్టం లేకపోతే ఎన్ని వారాల ముందు చెప్పాలి. అది వెల్ష్ సెక్షన్ ఏ అనే పొట్టి జాతి పోనీ, పన్నెండు హ్యాండ్ల లోపు. దాని జీను అడుగు పట్టీ మీద పెన్నుతో ముగ్గురు పిల్లల పేర్లు రాసి ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు ఎక్కినవాళ్లు. నాలుగో పేరు మా అమ్మాయిది. మూడేళ్లకు మా అమ్మాయి కూడా పెరిగిపోయింది. ఇప్పుడు ఐదో పేరు ఉంది.

జట్కా_మనవడు
లలిత గారి ఆ పట్టీ మీది పేర్లలోనే అసలు సంగతంతా ఉంది. అక్కడ పిల్లలకు స్వారీ నేర్పే పోనీ క్లబ్బు 1929 నుంచి నడుస్తోంది. ఒక పిల్ల దిగితే ఇంకో పిల్ల ఎక్కుతుంది. మన దగ్గర ఆ వరుసే లేదు.

డెర్బీ_రోజులు
దీనికి ఇంకో ముడి కూడా ఉంది. ఇక్కడ గుర్రానికి నేర్పేవాళ్లంతా 60, 70 కిలోల మగవాళ్లు. గుర్రం తన బరువులో ఐదో వంతు దాకా మోయగలదని ఒక ఉజ్జాయింపు లెక్క. చిన్న పోనీ 220 కిలోలు ఉంటే, జీనుతో కలిపి 44 కిలోలు. అంటే నేర్పేవాడు దాని మీద ఎక్కలేడు. తేలికపాటి పిల్లలు ఎక్కి నేర్పాలి. పిల్లలు ఎక్కాలంటే ముందే నేర్చినదై ఉండాలి. విత్తు ముందా చెట్టు ముందా? ఈ ముడి విప్పిన పోనీకే స్కూలు యజమాని 2,75,000 అడుగుతున్నాడు. మీ దళారిది ఇటుక బట్టీలో బండి లాగి వచ్చినదై ఉంటుంది.

నార్సింగి_నాన్న
మరి నెలకు 22,000? అది దోపిడీ కాదా? మా ఆవిడ "మన అపార్టుమెంటు అద్దె కంటే కొంచెమే తక్కువ" అంటోంది.

శంకరపల్లి_పొలం
నాకు ఎకరంన్నర ఉంది, రెండు పోనీలను పెట్టుకున్నాను. నా పుస్తకంలో పోయిన నెల లెక్క ఇది, రెండింటికీ కలిపి: ఎండుగడ్డి, లూసర్న్ మేత 8,400. ఉలవలు, గోధుమ పొట్టు, ఓట్లు 4,100. గిట్టలు చెక్కిన నాల్‌బందుకు 1,600. నులిపురుగుల మందు, ఈగల మందు 900. గుర్రాలను చూసుకునే సాయిసు జీతం 15,000, అతనికి గది ఉచితం. వైద్యుడు రాకపోతేనే ఈ లెక్క. మీ 22,000లో గడ్డి కంటే మనిషి ఖర్చే ఎక్కువ. దోపిడీ అనను. కొంచెం లాభం వేసుకుని ఉంటాడు.

సొంత పొలం ఉంటే చవక అనుకునేవాళ్లకు ఒక మాట. గుర్రం ఒంటరిగా ఉండలేదు. మొదట ఒకటే తెచ్చాను. రాత్రంతా కంచె వెంట అటూ ఇటూ నడిచి నేలలో దారి వేసింది. రెండోదాన్ని తెచ్చాకే నిద్రపోయింది. అందుకే నాకు రెండు.

ఉలవచారు
ఉలవలకు 4,100లో ఎంత పోయిందో విడిగా చెప్పగలరా? ఇది నాకు వ్యక్తిగత విషయం.

శంకరపల్లి_పొలం
మీ పేరు చూసే రాశాను. నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లే పెడతాం. ఉడికిన నీళ్లు మాత్రం సాయిసు ఇంటికి తీసుకెళ్తాడు. చారు కాస్తాడట.

కొండాపూర్_అమ్మ
అంటే రెండింటికి ముప్పై వేలు! ఇంకో బిడ్డను కాలేజీలో చదివించవచ్చు. నేను మొదట చెప్పిందే నిజం కదా.

శంకరపల్లి_పొలం
నిజమే అమ్మా. నా దగ్గర లెక్క ఉంది కానీ సమర్థన లేదు. సాయంత్రం గేటు దగ్గరకు వెళితే రెండూ తలలెత్తి సకిలిస్తాయి. కాలేజీకి వెళ్లే మా అబ్బాయి తల కూడా ఎత్తడు.

పశువైద్యురాలు_వ
ఖర్చుల జాబితా చూశాను. ఎవరూ రాయనిది ఒకటుంది: కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పేగుల్లో ఇరుక్కుంటే ముందుకు పోవాలి, లేదా ప్రాణం పోవాలి. మన వైపు ఆవులకు వేసినట్టే వరిగడ్డి వేస్తారు. చవక కదా అని అదే ప్రధాన మేతగా పెట్టి, నీళ్లు సరిపోను తాగకపోతే ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ.

కొనే ముందు ఏమి చూడాలంటే: గ్లాండర్స్ పరీక్ష కాగితం తప్పనిసరి. అది మనుషులకూ సోకే జబ్బు, తేలిన గుర్రాన్ని చంపక తప్పదు. రక్తం నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది, ఫలితం వచ్చేదాకా డబ్బు ఇవ్వకండి. ధనుర్వాతం టీకా వేశారా అడగండి. గట్టి నేల మీద మెల్లగా పరుగు తీయించి చూడండి, ఇసుకలో కుంటు తెలియదు. వీలైతే చెప్పకుండా రెండోసారి వెళ్లండి. మొదటి రోజు ఎంతో సాధువుగా ఉన్న గుర్రం రెండో రోజు సాధువుగా లేకపోతే, మొదటి రోజు మత్తుమందు పనిచేసి ఉండవచ్చు.

లెస్టర్_లలిత
చివరి మాట చాలా నిజం. ఇక్కడ అమ్మకానికి ముందు పశువైద్యులు ఐదు దశల పరీక్ష చేస్తారు, రక్తం తీసి ఆరు నెలలు దాచి ఉంచుతారు. తర్వాత గుర్రం ప్రవర్తన మారితే ఆ రక్తంలో నొప్పి మందులు, మత్తుమందులు ఉన్నాయేమో వెతుకుతారు. ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు, మైక్రోచిప్ ఉంటాయి. అయినా మోసపోయేవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి. మా పోనీకి మేత ఎక్కువైనా కష్టమే. వసంతంలో పచ్చిక చిక్కగా రాగానే పొట్టి జాతులకు గిట్టల లోపల వాపు వస్తుంది. ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక్కు వేసి నిలబడుతుంది. ఒకసారి చూస్తే మరచిపోలేరు.

శంకరపల్లి_పొలం
డాక్టరమ్మ గారు రాసిన కడుపునొప్పి నేను చూశాను. సంక్రాంతి రాత్రి, వైద్యుడు ఊళ్లో లేడు. పోనీ పడుకోవడం, లేవడం, పక్కకు తిరిగి పొట్ట వైపు చూసుకోవడం. ఫోనులో వైద్యుడు "డొక్కకు చెవి పెట్టండి, గుడగుడ వినిపిస్తోందా?" అన్నాడు. పెట్టాను. ఏమీ లేదు. ఎడమ వైపు పెట్టాను, ఏమీ లేదు. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. పొర్లనివ్వకుండా మెల్లగా నడిపిస్తూ వైద్యుడి కోసం ఎదురుచూశాం. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన వచ్చి గొట్టం వేశాడు. ఆరున్నరకు పేడ వేసింది. మా సాయిసు ఆ పేడ చూసి ఏడ్చాడు, అబద్ధం కాదు. ఆ రోజు నుంచి వరిగడ్డి పరుపుకు కూడా వాడలేదు.

మౌనపాఠకుడు
గుర్రపు పేడ చూసి ఏడ్చే కథ ఈ వేదికలో చదువుతానని అనుకోలేదు. నాకు కూడా కళ్లు తడిశాయి.

బరాత్_భయ్యా
పెళ్లి గుర్రం గురించి ఎవరూ చెప్పలేదేమిటి? బ్యాండు మేళం, టపాసులు, జనరేటరు పక్కన నిలబడినా కదలవు. నెమలి ఏ పాటి?

డెర్బీ_రోజులు
కదలకపోవడానికి కారణం దాని నోట్లో చూడండి. చాలా పెళ్లి గుర్రాలకు ముళ్ల కళ్లెం వేస్తారు, చట్టం ప్రకారం అది నిషేధం. పెదవుల మూలల్లో తెల్లటి గట్టి మచ్చలుంటే అవి ఆ ముళ్ల గుర్తులే. అలాంటి నోటితో పాప చేతిలోని పగ్గం మాట వినదు.

బరాత్_భయ్యా
అందరూ అలా చేయరండీ. మా నాన్న ఎప్పుడూ మామూలు కళ్లెమే వాడారు. కానీ మీరు చెప్పినవాళ్లు ఉన్నారు, కాదనను.

సారంగఖేడా_చూశా
మహారాష్ట్ర మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. దత్త జయంతికి తపతి ఒడ్డున నందుర్బార్ జిల్లా సారంగఖేడాలో గుర్రాల సంత జరుగుతుంది. హైదరాబాదు నుంచి ఏడెనిమిది వందల కిలోమీటర్లు. అక్కడ అందరి కళ్లూ నాట్యం చేసే మార్వాడీ, కాఠియావాడీ జాతి గుర్రాల మీదే. పోనీలు సంత అంచున, మేకల పక్కన కట్టి ఉంటాయి. వాటిని చూసేవాడు ఉండడు. నేను చూసినవాటిలో మంచివి ధన్‌గర్ గొర్రెల కాపరుల దగ్గరివి. వాళ్లు గుడారం, వంటసామాను, పైన పసిపిల్లను కూడా పోనీ మీదే కట్టి ఊరూరా తిరుగుతారు. భీమా నది ఒడ్డు జాతి, భీమథడి అంటారు. 13 హ్యాండ్లకు కొంచెం అటూ ఇటూ. ఒకప్పుడు మరాఠా సైన్యం ఎక్కింది వీటినే. ఇప్పుడు విడి జాతిగా నమోదైంది కూడా. అవి పిల్లలకు, మేకలకు, కుక్కలకు, గిన్నెల చప్పుడుకు బెదరవు.

పంచకల్యాణి
మణిపూరీ పోనీ? ఇప్పటి పోలో ఆట పుట్టిందే వాటి మీద కదా.

సారంగఖేడా_చూశా
పుట్టింది. ఇప్పుడు మణిపూర్‌లోనే వెయ్యి చిల్లర మిగిలాయి. వాటిని అక్కడే ఉండనివ్వండి.

ఒలింపిక్_ఆశ
అసలు మీ లక్ష్యం ఏమిటి? హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో మన డ్రెస్సాజ్ (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) జట్టు బంగారం తెచ్చింది. గుర్రపు స్వారీలో 1982 తర్వాత, 41 ఏళ్లకు. వాళ్లంతా యూరప్‌లో శిక్షణ పొందినవాళ్లే. పోటీలకు వెళ్లాలంటే ఇక్కడ పోనీ కొనడం డబ్బు వృథా, ఆ డబ్బు దాచుకోండి.

నార్సింగి_నాన్న
మా పాప లక్ష్యం బుల్లెట్‌కు క్యారట్ పెట్టడం. అది తీరాకే హాంగ్‌ఝౌ.

ఒక విషయం ఒప్పుకోవాలి. నిన్న పాప నోటు పుస్తకం చూశాను. "పోనీ ఖర్చు" అని ఒక పేజీ. ఒక వైపు "గడ్డి, ఉలవలు, డాక్టర్ ఆంటీ". రెండో వైపు "నా పుట్టినరోజు డబ్బులు 3,400, తాతయ్య 1,000, పళ్ల డబ్బులు 50". పాల పళ్లు ఊడినప్పుడు మేము ఇచ్చినవి. ఈ చర్చను నా వెనక నిలబడి చదువుతోందని అర్థమైంది.

ఉలవచారు
పాపకు చెప్పండి, గుర్రానికి కూడా పాల పళ్లు ఊడుతాయి. వివరాలకు జట్కా_మనవడు గారిని సంప్రదించమనండి.

జట్కా_మనవడు
దళారి గుర్రాన్ని చూడటానికి ఎప్పుడు వెళ్తున్నారు? నేను అత్తాపూర్‌లోనే ఉంటాను. ఒంటరిగా వెళ్లకండి.

(పది రోజుల తర్వాత)

నార్సింగి_నాన్న
వెళ్లాం. నేను, జట్కా_మనవడు గారు. ఆయన చేతిలో టార్చి, జేబులో బెల్లం ముక్క. దళారి "ఏడేళ్లు సార్, రాసిస్తాను" అన్నాడు. జట్కా గారు బొటనవేలు పెట్టి నోరు తెరిపించి, టార్చి వేసి, నన్ను పిలిచి చూపించారు. చివరి పన్ను మీద గోధుమ గాడి సగం కంటే కిందకు దిగి ఉంది. పెదవి మూలల్లో డెర్బీ_రోజులు గారు చెప్పిన తెల్లటి మచ్చలు రెండూ ఉన్నాయి. మేము ఏమీ అనలేదు. దళారే "పోనీ యాభైకి ఇస్తాను" అన్నాడు.

ఉలవచారు
ఆ "పోనీ" బేరం మాట కాదు, గుర్రం పేరు.

జట్కా_మనవడు
పాపం అది చాలా మంచి గుర్రం. పదహారేళ్లు ఉంటాయి. అరిగిపోయింది. బెల్లం ఇస్తే నా అరచేతిని చాలాసేపు వదలలేదు. కొనకూడదని చెప్పింది నేనే, కానీ వచ్చాక రెండు రోజులు మనసు బాగాలేదు.

లెస్టర్_లలిత
మరి స్కూలు వాళ్ల 2,75,000ది?

నార్సింగి_నాన్న
దాన్ని పశువైద్యురాలు_వ గారు చెప్పినట్టు చెప్పకుండా రెండోసారి చూశాను. అప్పుడూ అంతే నెమ్మదిగా ఉంది. గుర్రం మంచిదే. కానీ మూడేళ్లకు పాప దానికి పెద్దదైపోతుంది, అప్పుడు ఇక్కడ దాన్ని ఎవరికి అమ్మాలి? ఐదో పేరు రాయడానికి లలిత గారి ఊరిలాంటి వరుస మనకు లేదు. అందుకే లలిత గారి పద్ధతే అడిగాను, బుల్లెట్‌ను లోనుకు ఇమ్మని. యజమానికి మొదట అర్థం కాలేదు. రెండుసార్లు టీ తాగాక ఒప్పుకున్నాడు. ఇంకో ఇద్దరు తండ్రులను కలుపుకున్నాను. ముగ్గురం నెలకు తలా 8,000 ఇస్తాం. మంగళ, గురు, శనివారాలు ఉదయం ఆరు నుంచి ఏడు వరకు బుల్లెట్ మా ముగ్గురు పిల్లలది, ఒక్కొక్కరికి ఒక రోజు. ఆ రోజుల్లో తోమడం, గిట్టలు శుభ్రం చేయడం, నీళ్లు పెట్టడం పిల్లలే చేయాలి. వచ్చే 24,000లో ఒక భాగం పెట్టి ఆయన ఇంకో పోనీ తెచ్చి దానికి నేర్పిస్తానన్నాడు. నేర్పేది ఎవరంటే, మా ముగ్గురి పిల్లల్లో పెద్దమ్మాయి, పదమూడేళ్లు, 38 కిలోలు.

డెర్బీ_రోజులు
38 ప్లస్ జీను 6. సరిగ్గా 44.

కొండాపూర్_అమ్మ
సరే, ఆ సైజు 3 బూట్లు ఆ పెద్దమ్మాయికి పంపిస్తాను. డబ్బు వద్దు.

మౌనపాఠకుడు
బుల్లెట్ ఎత్తు ఎంతో చెప్పనే లేదు.

నార్సింగి_నాన్న
స్కూలు పుస్తకంలో 12.1 అని ఉంది. మా పాప ఒప్పుకోవడం లేదు, 12.2 అంటోంది. కొలిచేటప్పుడు అది తల దించుకుని గడ్డి తింటూ ఉండి ఉంటుందట. మూపు దగ్గర కొలుస్తారని, తల ఎత్తినా దించినా పెద్ద తేడా రాదని చెప్పాను. వినడం లేదు. శనివారం టేపు తీసుకుని వెళ్తున్నాం.